అరటిగెల ఎక్కడ?

తప్పంతా మా బావమరిదిది. మ్యూనిక్‌లో ఉద్యోగం, సెలవు రోజుల్లో ఇంట్లోనే బీరు తయారీ. మొన్న తిరుపతి వచ్చినప్పుడు రెండు ఈస్టు పొట్లాలు నా చేతిలో పెట్టి, ‘ఒకటి గోధుమ బీరుది, ఇంకోటి నార్వే పల్లెలది బావా’ అని రైలెక్కేశాడు. ఇక్కడ ఇంట్లో బీరు చేస్తే కేసు అవుతుంది కాబట్టి నేను అల్లం బీరుతో సరిపెట్టుకున్నాను. అల్లం, పంచదార, నిమ్మరసం, నీళ్లు.

మంచుదేశపు ఈస్టు మన మే నెల ఎండకు చస్తుందని లెక్కగట్టి గోధుమ బీరుదే వేశాను. 11 గ్రాముల పొట్లం ఇరవై లీటర్లకట. నేను మూడు లీటర్లకు మొత్తం గుమ్మరించాను. దోసెల పిండి పులియడానికి ఎవరైనా తూకం వేస్తారా?

శనివారం ఇంటి ఓనరు గారు అద్దెకు వచ్చారు. గోవిందరాజస్వామి గుడి నుంచి నేరుగా రాక, నుదుట తడి ఆరని నామం, కడుపులో ఉపవాసం. శనివారాలు పండ్లు తప్ప ముట్టరు. అలాంటి మనిషి గడపలో ఆగి, కళ్లు మూసుకుని, గుండెల నిండా గాలి పీల్చారు.

‘అరటిపండ్లు బాగా మాగినట్టున్నాయే!’

‘ఇంట్లో అరటిపండ్లు లేవండీ.’

ఆయన నన్ను చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. ఉపవాసమున్న పెద్దమనిషికి ఒక్క పండు పెట్టలేక గెలను దాచుకున్న పిసినారిని చూసే చూపు అది. అద్దె మాట మరిచి వాసన పట్టుకుని బయలుదేరారు. హాలు, పడకగది, ఆఖరికి మా ఆవిడ చీరల బీరువా దగ్గర కూడా ఒక నిమిషం ఆగారు. చీరల్లో ఎవరైనా గెల పెడతారా? అయినా గోడకు మేకు కొట్టాలంటే అనుమతి అడగాలి గానీ, మా బీరువా వాసన చూడటానికి ఆయనకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. నేను వెనకాలే తిరుగుతూ ‘ఈస్టు’ అనే మాట నోటిదాకా తెచ్చుకుని మింగేశాను. ఈస్టు అంటే ఎందుకంటారు, అల్లం బీరు అంటే రెండో మాటే వినిపిస్తుంది.

వంటగదిలో దొరికింది. రాయిలా బిగుసుకుపోయిన కూల్‌డ్రింక్ సీసా.

‘ఇదేమిటి?’

‘అల్లం రసమండీ.’

‘అల్లానికి అరటిపండు వాసనా?’ అంటూ మూత తిప్పేశారు. ఆపండి అనే లోపల సీసా ఆయన నామాన్ని, ఫ్యానును, పైకప్పును ఒకే వరసలో అభిషేకించింది.

సున్నానికి అడ్వాన్సులో రెండు వేలు కోసుకుంటారట. రెండోసారి స్నానం చేయాల్సి వచ్చినందుకు విడిగా ఏమీ వేయలేదు, అదే దయ.

రాత్రి ఫోను చేసి బావమరిదిని కడిగేశాను. వాడు నింపాదిగా విన్నాడు. నార్వే పల్లెల ఈస్టు పేరు క్వైక్ అట, 35 డిగ్రీల వేడిలోనూ శుభ్రంగా పనిచేస్తుందట. గోధుమ బీరు ఈస్టుకేమో ఇరవై డిగ్రీల చల్లదనం చాలు, వేడెక్కితే ఐసోఅమైల్ అసిటేట్ అనేదాన్ని దండిగా వదులుతుందట. పండిన అరటిపండులో ఉండే వాసన కూడా అదేనట. ఈ ముక్క రైలెక్కక ముందు చెబితే వాడి సొమ్మేం పోయింది?

‘అవన్నీ సరే బావా, లవంగం వాసన కూడా వచ్చిందా?’ అన్నాడు.

ఫోను పెట్టేశాను.