కప్పు గెలిచేది ఏ దేవుడి జట్టు?

పురుషుల ఫుట్‌బాల్ ప్రపంచకప్ 1930 నుంచి 2022 దాకా 22 సార్లు జరిగింది. కప్పు ఎత్తినవి ఎనిమిది దేశాలే. బ్రెజిల్ 5 సార్లు, జర్మనీ, ఇటలీ నాలుగేసి సార్లు, అర్జెంటీనా 3 సార్లు, ఫ్రాన్స్, ఉరుగ్వే రెండేసి, ఇంగ్లండ్, స్పెయిన్ ఒక్కోసారి. అన్నీ క్రైస్తవ సంప్రదాయంలోంచి వచ్చినవే. ఇంగ్లండ్, జర్మనీ తీసేస్తే మిగతావి క్యాథలిక్ నేపథ్యం ఉన్నవి. మతం పనిచేస్తుందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలని తిరుపతి టీ కొట్ల దగ్గర కూడా వాదించేవాళ్లున్నారు. కొండ కింద బతికేవాళ్లం కదా, గెలుపోటముల్లో దేవుడి వాటా లెక్కగట్టడం మనకు బాగా అలవాటు.

ఆ జాబితా పక్కనే ఒకసారి ఫిలిప్పీన్స్ పేరు రాసి చూడండి. ఆసియాలో క్యాథలిక్కులు అందరికన్నా ఎక్కువగా ఉన్న దేశం, జనాభా 10 కోట్లకు పైనే. అయినా 2022 దాకా ఆ దేశం పురుషుల జట్టు ప్రపంచకప్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఆడవాళ్లు నయం, 2023 మహిళల ప్రపంచకప్‌కు అర్హత సాధించి ఆతిథ్య న్యూజిలాండ్‌ను 1-0తో ఓడించి వచ్చారు. వెనెజువెలా సంగతీ అంతే. బ్రెజిల్‌కు పొరుగు దేశం, మొక్కేది అదే చర్చిలో, కానీ 2022 దాకా ప్రపంచకప్ గడప తొక్కలేదు.

తేడా అంతా ఏ దేశం రేవుల్లో ఎవరు దిగారన్న దాంట్లోనే ఉంది. అర్జెంటీనాలోని బ్యూనస్ ఎయిర్స్‌కు, ఉరుగ్వేలోని మాంటెవిడియోకు బ్రిటిష్ నావికులు, రైల్వే ఉద్యోగులు ఫుట్‌బాల్‌ను వెంటబెట్టుకొచ్చారు. బ్రెజిల్‌లో ఈ ఆటకు ఆద్యుడని చెప్పుకునే చార్లెస్ మిల్లర్ తండ్రి స్కాట్లండ్ నుంచి వచ్చిన రైల్వే మనిషి. కొడుకు ఇంగ్లండ్‌లో చదువుకుని 1894లో బంతులతో సావోపాలోకు తిరిగొచ్చాడు. స్పెయిన్ తర్వాత ఫిలిప్పీన్స్‌ను ఏలింది అమెరికా కాబట్టి అక్కడ వీధివీధికీ బాస్కెట్‌బాల్ రింగు ఉంటుంది. వెనెజువెలాలో అమెరికా చమురు కంపెనీల వెంట బేస్‌బాల్ బలపడింది. మతం ఒకటే, చేతికందిన బంతే వేరు.

ఉరుగ్వేను క్యాథలిక్ ఖాతాలో వేస్తే మాత్రం నాకు నవ్వొస్తుంది. 1919లోనే చర్చిని ప్రభుత్వం నుంచి విడదీసి, క్రిస్మస్‌ను కూడా అధికారికంగా కుటుంబ దినమని పిలుచుకునే దేశం అది. రెండు కప్పులూ ఆ తర్వాత గెలిచినవే. ఫ్రాన్స్ ఆ పని 1905లోనే చేసింది. 1998 ఫైనల్లో తలతో రెండు గోల్స్ కొట్టి బ్రెజిల్‌ను కూల్చిన జిదాన్, అల్జీరియా నుంచి వలస వచ్చిన ముస్లిం కుటుంబంలో పుట్టాడు. ఆ కప్పును ఏ మతం ఖాతాలో రాద్దాం?

ఇంకో రకంగా కూడా చూడొచ్చు. మతం మారకుండానే ఫలితం మారిన దేశాలున్నాయి. జపాన్‌లో ప్రొఫెషనల్ లీగ్ 1993లో మొదలైంది, 1998లో తొలిసారి ప్రపంచకప్‌కు వెళ్లారు, 2022లో జర్మనీని, స్పెయిన్‌ను ఒకే టోర్నీలో ఓడించారు. ఈ మధ్యలో వాళ్ల బౌద్ధమో షింటోనో కొత్తగా చేసిందేమీ లేదు. మొరాకో కథ ఇంకా గట్టిది. 2002 నుంచి 2014 దాకా వరుసగా నాలుగు ప్రపంచకప్‌లకు అర్హత సాధించలేకపోయింది. రబాత్ పక్కన సలేలో రాజు పేరిట అకాడమీ కట్టారు. యూరప్‌లో పెరిగిన వలస కుటుంబాల పిల్లలను వెతికి పట్టుకొచ్చారు. 2022 జట్టులోని 26 మందిలో 14 మంది మొరాకో బయట పుట్టినవాళ్లే. పోర్చుగల్ మీద గోల్ కొట్టిన ఎన్-నెసిరి ఆ అకాడమీ కుర్రాడు. సెమీస్ చేరిన తొలి ఆఫ్రికా జట్టు, తొలి అరబ్ జట్టు అదే. స్పెయిన్‌ను ఓడించాక ఆటగాళ్లు గ్రౌండ్‌లో నేలకు నుదురు ఆనించి సజ్దా చేసిన దృశ్యం ప్రపంచమంతా చూసింది. అర్హత రాని ఆ నాలుగుసార్లూ కూడా వాళ్లు నమాజు చేస్తూనే ఉన్నారు మరి.

అంత దూరం ఎందుకు, మన దేశంలో ఫుట్‌బాల్ బలంగా ఉన్నచోట్లు చూడండి. మలప్పురంలో ముస్లింలు ఎక్కువ, మిజోరంలో క్రైస్తవులు, కోల్‌కతాలో హిందువులు. మణిపూర్‌లో మైతేయి హిందువులూ ఆడతారు, కొండల్లోని క్రైస్తవులూ ఆడతారు. ఈ ఊళ్లన్నిటికీ ఉమ్మడిగా ఉన్న దేవుడు ఎవరూ లేరు. ఉమ్మడిగా ఉన్నది చిన్న వయసు నుంచే పోటీ మ్యాచ్‌లు, వాటిని చూడటానికి పోగయ్యే జనం. మలప్పురంలో కోత అయిపోయిన పొలాల్లో సెవెన్స్, అంటే జట్టుకు ఏడుగురి ఫుట్‌బాల్, ఆడతారు. మిజోరం సొంత లీగ్ 2012లో మొదలుపెట్టింది, 2017కల్లా ఐజ్వాల్ జట్టు అప్పటి జాతీయ లీగ్ అయిన ఐ-లీగ్ గెలిచేసింది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిన జట్టుకు కోచ్ మన హైదరాబాదు రహీమ్ సాబ్. కెప్టెన్ చునీ గోస్వామి. గోల్స్ కొట్టింది పీకే బెనర్జీ, జర్నైల్ సింగ్. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్.

మరి ప్రార్థనకు విలువే లేదా అంటే, అది టెన్షన్ తగ్గించుకునే దారి. ఆ మేరకు విలువ ఉంది. 2002లో ఇటలీ కోచ్ ట్రపటోనీ, నన్ అయిన తన తోబుట్టువు ఇచ్చిన తీర్థం సీసా దగ్గర పెట్టుకుని టోర్నీ అంతా గడిపాడు. దక్షిణ కొరియా అదనపు సమయంలో గోల్ కొట్టి ఇటలీని ఇంటికి పంపింది. మన జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుంచి ప్రయోగానికి ముందు ఇస్రో వాళ్లు రాకెట్ నమూనాతో శ్రీవారిని దర్శించుకోవడం ఆనవాయితీ. అయినా 2017లో పీఎస్ఎల్‌వీ-సీ39 ఉష్ణకవచం విడిపోలేదు. అప్పుడు విఫలతకు కారణం ఎవరూ గర్భగుడిలో వెతకలేదు, ఆ విడిభాగంలోనే వెతికారు. ఆట దగ్గరికి వచ్చేసరికే మనం ఆ వివేకం మరచిపోతాం.

అలాగని మతానికీ ఫుట్‌బాల్‌కూ సంబంధమే లేదని కొట్టిపారేయలేం. ఆ సంబంధం గోల్‌పోస్టు దగ్గర ఉండదు, గ్రౌండ్ గేటు దగ్గర ఉంటుంది. ఎవరిని ఆడనిస్తారు, ఎవరికి స్థలం ఇస్తారు అన్నదాంట్లో. ఇంగ్లండ్‌లో ఆస్టన్ విల్లా, ఎవర్టన్, సౌతాంప్టన్, మాంచెస్టర్ సిటీ, ఇవన్నీ 19వ శతాబ్దంలో చర్చి కుర్రాళ్ల జట్లుగా పుట్టినవే. బ్యూనస్ ఎయిర్స్‌లో శాన్ లొరెంజో క్లబ్బు వెనక ఉన్నది వీధి పిల్లలకు చర్చి స్థలం ఇచ్చిన ఒక పాదిరి. దీనికి పూర్తిగా ఎదురు కథ 1891 నాటి శ్రీనగర్‌ది. మిషనరీ టిండేల్-బిస్కో బంతి తెస్తే, తోలుదాన్ని ముట్టుకోబోమని బ్రాహ్మణ కుర్రాళ్లు మొండికేశారు. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో ప్రొటెస్టెంట్ల క్లబ్బుగా ముద్రపడ్డ రేంజర్స్ 1989 దాకా పేరున్న క్యాథలిక్ ఆటగాళ్లను దూరంగానే ఉంచింది, అంటే ఊళ్లో ఎంతో ప్రతిభను చేజేతులా వదులుకుంది. 2011లో హిజాబ్ వేసుకున్నారని ఇరాన్ అమ్మాయిలను ఫిఫా నిబంధన ఒలింపిక్స్ అర్హత మ్యాచ్ ఆడనివ్వలేదు. ఆ నిబంధన 2014లో మారింది. ఇక సొంత దేశంలో అదే ఇరాన్ ఆడవాళ్లను దశాబ్దాల పాటు స్టేడియంలోకే రానివ్వలేదు. మతం ఆటగాళ్ల సంఖ్యను పెంచగలదు, తగ్గించగలదు. నా లెక్కలో దానికి చేతనైన మేలూ కీడూ అంతే.

ఈ లెక్కతో చూస్తే తిరుపతి చాలా అదృష్టమైన ఊరు. టీటీడీ చేతిలో పాఠశాలలున్నాయి, డిగ్రీ కళాశాలలున్నాయి, వేల సంఖ్యలో విద్యార్థులున్నారు. మన పక్కనే అనంతపురంలో, స్పెయిన్ నుంచి జెస్యూట్లనే క్యాథలిక్ సంఘం తరఫున వచ్చి ఆ తర్వాత ఆ సంఘాన్ని వదిలేసిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) పల్లె పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిస్తోంది, ఆడపిల్లలకు కూడా. స్పెయిన్ ఫుట్‌బాల్ లీగ్ లా లీగాతో కలిసి పనిచేసింది. ఇక్కడ మనకు క్రికెట్ తప్ప వేరే ధ్యాస లేదు. బ్రహ్మోత్సవాలకు లక్షల మందికి ఏర్పాట్లు చేయగలిగే సంస్థకు, తన కళాశాలల మధ్య ఏడాది పొడవునా సాగే ఒక లీగ్ నడపడం ఏపాటి పని? శిక్షణ పొందిన కోచ్‌లను పెట్టి, అమ్మాయిల జట్లకూ అబ్బాయిలతో సమానంగా గ్రౌండ్ టైమ్ కేటాయించి, వచ్చే విద్యా సంవత్సరమే మొదలుపెట్టొచ్చు.