సీజేను ఇష్టపడ్డాం కాబట్టి మనకు వివక్ష లేదా?

అసాసిన్స్ క్రీడ్ షాడోస్ అనే వీడియో గేమ్‌లోని ఆఫ్రికన్ యోధుడు యాసుకే పేరు గేమర్ల నోళ్ళలో నానడం మొదలైన 2024 మే నెల నుంచీ ఒక తెలుగు సందేశం ఫోన్ల మీద తిరుగుతూనే ఉంది. శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్ళలో దానికి ఎంత చలామణి ఉందంటే, నా దగ్గర లెక్కలు చెప్పించుకోవడానికి వచ్చే ఇంటర్ పిల్లలు ముగ్గురు వేర్వేరుగా నాకే పంపించారు. దాని సారాంశం ఇది: “గేమర్లకు రంగు పట్టింపు లేదు. శాన్ ఆండ్రియాస్ గేమ్‌లోని నల్లజాతి కథానాయకుడు సీజేను ఇన్నేళ్ళుగా నెత్తిన పెట్టుకున్నదే అందుకు సాక్ష్యం. నల్లజాతి పాత్రలను జనం తిడుతున్నారంటే వాటి రచన బాగోలేదని అర్థం. యాసుకేను సమురాయ్‌గా చూపడం చరిత్రను వక్రీకరించడం. నల్లజాతి కథానాయకుణ్ణి పెడితే గేమ్ అమ్ముడుపోదు. ఏది ఏమైనా ఇది అమెరికా వాళ్ళ గొడవ, మనకు సంబంధం లేదు.”

ఈ మాటల్లో ఒకటి సగం నిజం, మిగిలినవి నిలబడవు. ఎక్కువ కోపం యాసుకే చుట్టూనే ఉంది కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

2025 మార్చి 20న యుబిసాఫ్ట్ విడుదల చేసిన అసాసిన్స్ క్రీడ్ షాడోస్‌లో ఇద్దరు ప్రధాన పాత్రధారులు ఉన్నారు. ఒకరు నవోయె అనే జపాన్ యువతి, మరొకరు యాసుకే అనే ఆఫ్రికన్ యోధుడు. యాసుకే కల్పిత వ్యక్తి కాడు. 1579లో జెసూట్ మతగురువు అలెస్సాండ్రో వలిన్యానో వెంట జపాన్ చేరి, 1581లో క్యోటోలో జపాన్ యుద్ధప్రభువు ఓడా నొబునాగా కంటబడ్డాడు. ఆ ఒంటి రంగు పూసుకున్నదేమో అనుకుని నొబునాగా అతని ఒళ్ళు కడిగించి చూశాడు, అది సహజమైన రంగేనని తేలాక అతణ్ణి తన కొలువులో చేర్చుకున్నాడు. నొబునాగా జీవితాన్ని గ్రంథస్థం చేసిన ఓటా గ్యూఇచి, ఈ మనిషికి ఇరవయ్యారు ఇరవయ్యేడు ఏళ్ళుంటాయనీ, పదిమంది పెట్టు బలం ఉందనీ రాశాడు. ఆ గ్రంథపు ప్రతుల్లో ఒకటి అతనికి జీతం, ఇల్లు, పొట్టి కత్తి ఇచ్చారని కూడా చెబుతుంది. 1582లో అతణ్ణి కళ్ళారా చూసిన మత్సుదైరా ఇయెతదా తన దినచర్యలో పేరుతో సహా అతని ఎత్తును ఆరు షాకుల రెండు సున్‌లని, అంటే దాదాపు 188 సెంటీమీటర్లని నమోదు చేశాడు. ఈ పత్రాలలో ‘సమురాయ్’ అన్న మాట అతనికి నేరుగా తగిలించలేదన్నది నిజమే. అయితే ప్రభువు నుంచి జీతమూ ఇల్లూ కత్తీ పొంది, ఆయన వెంట ఆయుధం పట్టి నడిచిన మనిషిని ఆ కాలపు భాషలో ఏమనాలి అన్న ప్రశ్నకు, గేమ్ తయారీదారులు ఇచ్చిన సమాధానం చరిత్రకు విరుద్ధమైనది కాదు, చరిత్ర మిగిల్చిన ఖాళీని అది పూరించింది.

చరిత్రను ఇంత పట్టుదలగా కాపాడదలచిన వాళ్ళు ఇదే వరుసలోని పాత గేమ్‌లను ఎలా సహించారో నాకు అర్థం కాదు. 2009లో వచ్చిన రెండవ గేమ్ చివర కథానాయకుడు సాక్షాత్తూ పోపుతో ముష్టియుద్ధం చేస్తాడు, డావిన్చి తయారుచేసిన రెక్కల యంత్రం మీద వెనిస్ నగరంపై ఎగురుతాడు. దాన్ని వక్రీకరణ అని ఎవరూ అనలేదు, సరదా అన్నారు. “ఆసియా కథలో ఆసియావాడే ఉండాలి కదా” అని సందేశంలో మరొక వాక్యం ఉంది. 2013 నాటి బ్లాక్ ఫ్లాగ్‌లో కరీబియన్ దీవుల కథకు నాయకుడు వేల్స్ దేశస్థుడు. 2020 నాటి వల్హాలాలో ఇంగ్లండు కథకు కేంద్రం నార్వే నుంచి వచ్చిన ఐవోర్. ఊరు కానివాడు కథానాయకుడు కావడం ఈ వరుసకు కొత్తేమీ కాదు.

ఇంతకంటే సూటిగా సరిపోలే ఉదాహరణ నియో అనే గేమ్. 2017లో ఒక జపాన్ సంస్థే దాన్ని తయారుచేసింది. దాని కథానాయకుడు విలియం ఆడమ్స్ అనే తెల్లవాడి ఆధారంగా రూపొందాడు. అసలు ఆడమ్స్ 1600లో జపాన్ చేరిన ఇంగ్లీషు నావికుడు, జపాన్ ప్రభువు తొకుగవా ఇయెయాసు దగ్గర ఉన్నత హోదానూ భూమినీ పొందినవాడు. గేమ్‌లోని విలియం సమురాయ్ కవచం తొడిగి, రెండు చేతులా కత్తులు పట్టి రాక్షసులను నరుకుతాడు. అదే గేమ్‌లో యాసుకే కూడా ఉన్నాడు, ఆటగాడు ఓడించవలసిన ప్రత్యర్థిగా. అప్పుడు చరిత్ర పేరు చెప్పి ఇప్పటిలా గగ్గోలు ఎవరూ పెట్టలేదు. తెల్లవాడు నాయకుడిగా, నల్లవాడు చంపవలసిన శత్రువుగా ఉన్నప్పుడు మెలకువ రాని చరిత్రాభిమానం, ఆ నల్లవాడిని మనమే నడిపించవలసి వచ్చేసరికి మేలుకుంది. కొలతబద్ద ఎక్కడ మారిందో ఆ రెండు గేమ్‌లను పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

షాడోస్ మీద వచ్చిన విమర్శలన్నీ ద్వేషమే అనడం లేదు. ప్రచార చిత్రాల్లో పాత యుద్ధాలను తిరిగి అభినయించి చూపే ఒక జపాన్ బృందం పతాకాన్ని అనుమతి లేకుండా వాడడం తప్పే, సంస్థ 2024 జులైలో క్షమాపణ కూడా చెప్పింది. పెద్ద గేమ్‌లలో ఆసియా పురుషులకు ప్రధాన పాత్ర అరుదుగా దక్కుతుందన్న బాధ కూడా న్యాయమైనదే. అయితే ఆ బాధ నిజంగా ఉన్నవాళ్ళు నియో వచ్చినప్పుడే ఆ మాట గట్టిగా అని ఉండవలసింది.

పదహారో శతాబ్దపు ఆసియాలో ఆఫ్రికా యోధుడు ఉండడమే నమ్మశక్యం కాదని మన తెలుగు కుర్రాడు అన్నప్పుడు నాకు మరింత బాధ కలుగుతుంది, ఎందుకంటే ఆ కాలపు మన దక్కనే దానికి సమాధానం. ఇథియోపియాలో పుట్టి, బానిసగా అమ్ముడై వచ్చిన మాలిక్ అంబర్ అహ్మద్‌నగర్ రాజ్యానికి ప్రధానమంత్రి అయ్యాడు. మొగలు సైన్యాలను ఏళ్ళ తరబడి నిలువరించాడు. తరువాత ఔరంగాబాద్‌గా మారిన నగరానికి పునాది వేశాడు. అతణ్ణి యుద్ధంలో లొంగదీయలేని జహంగీర్ తన జ్ఞాపకాలలో పదే పదే ‘నల్లమొహం వాడ’ని తిట్టిపోశాడు. హైదరాబాద్‌లో మాసబ్ ట్యాంక్ పక్కన ఉన్న ఏసీ గార్డ్స్ ప్రాంతానికి ఆ పేరు నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వదళం (ఆఫ్రికన్ కావల్రీ) వల్ల వచ్చింది. అక్కడ గది అద్దెకు తీసుకుని కోచింగ్‌కు వెళ్ళిన మన జిల్లా పిల్లలు ఎందరో ఉన్నారు.

ఇక సీజే సంగతి. ఈ వాదనకు లోపల నుంచి సమాధానం చెప్పగలను, ఎందుకంటే నేనూ ఆ ప్రేమలో పాలుపంచుకున్నవాడినే. 2004లో వచ్చిన శాన్ ఆండ్రియాస్‌ను మా తరం శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గరి ఇంటర్నెట్ సెంటర్లలో గంటల లెక్కన డబ్బు కట్టి ఆడింది. చీట్ కోడ్‌లను నోట్‌బుక్ వెనుక పేజీల్లో రాసుకుని ఒకరికొకరం ఇచ్చుకునేవాళ్ళం. కార్ల్ జాన్సన్, అంటే సీజే, మా అందరికీ ఇష్టమే. కానీ ఆ సెంటర్లో అతణ్ణి మేము ఏమని పిలిచేవాళ్ళమో కూడా చెప్పాలి. ‘నల్లోడు’, ‘నీగ్రోగాడు’. మా తరగతిలో అందరికంటే నల్లగా ఉండే ఒక అబ్బాయికి ఆ సంవత్సరమే ‘సీజే’ అని పేరు పెట్టేశాం. మొదట్లో అతనూ మాతోపాటు నవ్వాడు. తరువాత సెంటర్‌కు రావడం మానేశాడు. ఎందుకు మానేశావని మాలో ఒక్కడూ అడగలేదు, నాతో సహా.

సీజే మీద ఇష్టం అబద్ధమని అనను. అది షరతుతో కూడిన ఇష్టం. ముఠా, తుపాకీ, దొంగిలించిన కారు: నల్లజాతి మనిషికి లోకం ముందే కట్టబెట్టిన వేషంలోనే సీజే మనకు పరిచయమయ్యాడు. ఆ గేమ్ అతనికి కుటుంబాన్నీ దుఃఖాన్నీ ఇచ్చిందన్నది నిజమే, అందుకే అతను గుర్తుండిపోయాడు. అయినా ఆ వేషం దాటి, ప్రభువు పక్కన కత్తి పట్టి హుందాగా నిలబడిన యాసుకేను అదే అభిమానులు ఒప్పుకోలేకపోయారు. 2009లో డిమిట్రి విలియమ్స్ బృందం 150 గేమ్‌లలోని పాత్రలను లెక్కించి ప్రచురించిన అధ్యయనంలో, శ్వేతజాతి పాత్రలు సుమారు 80 శాతమనీ, నల్లజాతి పాత్రలు సుమారు 11 శాతమనీ, ఆ కొద్దిమందిలో క్రీడాకారులూ ముఠా మనుషులే ప్రముఖంగా కనిపిస్తారనీ తేలింది. ఆ తరహా పాత్రలను చూస్తూ పెరిగిన అభిమానికి వేరే తరహా పాత్ర ‘బలవంతంగా చొప్పించినట్టు’ అనిపించడంలో వింత లేదు. ఆ అనిపించడాన్నే న్యాయమైన తీర్పుగా చలామణి చేయడం మాత్రం తప్పు.

షరతుతో కూడిన ఇష్టం ఎలా ఉంటుందో మన జిల్లాల వాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. తెలుగు సినిమాల్లో మన యాస ఎవరి నోట వినిపిస్తుంది? ఇంటి పనివాడి నోట, హాస్యగాడి నోట. ‘ఏటి’ అంటే నవ్వాలి, ‘ఓలమ్మో’ అంటే నవ్వాలి. కథానాయకుడు శ్రీకాకుళంవాడైనా ప్రేమించేటప్పుడూ శత్రువును ఎదిరించేటప్పుడూ కృష్ణా జిల్లా మాటే మాట్లాడడం మనం ఎన్నిసార్లు చూడలేదు? నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేసిన చోట తోటివాళ్ళకు నా యాస ఎంతో ఇష్టం. భోజనాల దగ్గర “ఏదీ, ఒకసారి మీ భాషలో మాట్లాడు” అని అడిగి మరీ నవ్వేవాళ్ళు. బయటి వాళ్ళ ముందు నిలబడి మాట్లాడవలసిన రోజు వచ్చినప్పుడు మాత్రం, ఆ పని నేనే చేసినదైనా, మాట్లాడడానికి మరొకరిని ఎంచుకున్నారు. “నువ్వంటే మాకు ఇష్టం కదా” అన్న సమాధానం నాకు అక్కడే మొదటిసారి వినిపించింది.

రచన బాగోలేదన్న మాటలో సగం నిజం ఉందన్నాను. 2023 జనవరిలో వచ్చిన ఫోర్‌స్పోకెన్‌లో ఫ్రే అనే నల్లజాతి యువతి ప్రధాన పాత్ర. దానిలోని సంభాషణలు పేలవంగా ఉన్నాయన్న విమర్శతో నాకు పేచీ లేదు. అయితే రచన మీదే కోపమైతే అది ఒకే తరహా రచన ఉన్న అన్ని పాత్రల మీదా సమానంగా పడాలి. డ్రాగన్ ఏజ్ గేమ్‌లలో మారిగన్, వివియెన్ అని ఇద్దరు మంత్రగత్తెలు ఉన్నారు. ఇద్దరికీ నాలుక పదును, ఇద్దరికీ తమ తెలివి మీద గర్వం, ఇద్దరూ రాజదర్బారులో నెగ్గుకొచ్చినవాళ్ళే. తెల్లని మారిగన్ 2009 నుంచి అభిమానుల ఆరాధ్య. 2014లో వచ్చిన నల్లని వివియెన్‌కు దక్కిన పేర్లు పొగరుబోతు, చేదు మనిషి. మాంత్రికుల స్వేచ్ఛ గురించి వివియెన్ చెప్పే అభిప్రాయాలు నచ్చకనే అలా అన్నామని కొందరు చెబుతారు, అది కొంతమేరకు కారణం కావచ్చు. కానీ అభిప్రాయం నచ్చకపోతే అభిప్రాయాన్ని విమర్శిస్తారు. ఒకరిలో ఠీవి అనిపించిన గుణమే మరొకరిలో పొగరుగా ఎందుకు మారిందో ఆ కారణం చెప్పదు.

పాత్రను తిట్టనివాళ్ళు కూడా కొందరు దాని రంగు మారుస్తారు. 2019లో పోకెమాన్ స్వోర్డ్, షీల్డ్ గేమ్‌ల కోసం పరిచయం చేసిన నెస్సా చామనచాయకంటే ముదురు రంగు అమ్మాయి. ఆమెను తెల్లబరిచి గీసిన అభిమాన చిత్రాల మీద ఆ ఏడాది పెద్ద వాదమే నడిచింది. “బొమ్మే కదా” అన్నవాళ్ళకు మన ఇళ్ళలోని క్యాలెండర్లను చూపించాలి. ఒంటి నలుపు వల్లనే కృష్ణ అన్న పేరు వచ్చిన ద్రౌపదిని మనం ఏ క్యాలెండర్‌లోనైనా నల్లగా చూశామా? ఇష్టమైన వాళ్ళను తెల్లబరచకుండా ఇష్టపడలేకపోవడం మన ఇంటి జబ్బు కూడా.

అమ్ముడుపోదన్న మాటకు ఎక్కువ స్థలం అవసరం లేదు. ఆ సందేశమే సాక్ష్యంగా తెచ్చిన శాన్ ఆండ్రియాస్, ప్లేస్టేషన్ 2 మీద అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడైన గేమ్. 2021లో ఇద్దరు నల్లజాతి ప్రధాన పాత్రలతో వచ్చిన డెత్‌లూప్ ఆ ఏడాది గేమ్ అవార్డులలో ఉత్తమ దర్శకత్వ పురస్కారం అందుకుంది.

చివరిది, మనకు సంబంధం లేదన్న మాట. 2022 అక్టోబరులో వాలరెంట్ గేమ్‌లో హార్బర్ అనే భారతీయ పాత్ర వచ్చినప్పుడు ఇదే కుర్రాళ్ళు ఎంత సంబరపడ్డారో నేను చూశాను. విజయనగరంలో చదివే మా అక్క కొడుకు, “మనవాడొచ్చాడు మావయ్యా” అని రాత్రి పదకొండు గంటలకు ఫోన్ చేశాడు. ఆ సంతోషం సహజమైనది, నాకూ కలిగింది. తెర మీద తనలాంటి మనిషి కనిపించడం విలువైన విషయమని ఆ రాత్రి మనకు తెలిసింది. అదే విలువను ఆ గేమ్‌లోనే ఉన్న ఘనా దేశపు ఆస్ట్రాలోనో, యాసుకేలోనో వేరొకరు చూసుకుంటే దాన్ని రాజకీయం అనే హక్కు మనకు ఎక్కడి నుంచి వచ్చింది?

మా తరగతిలోని ఆ అబ్బాయి మొన్న రథసప్తమికి అరసవల్లిలో కనిపించాడు. పక్కన ఏడెనిమిదేళ్ళ కొడుకు ఉన్నాడు. మేము దర్శనం వరుసలో నిలబడి పిల్లల చదువుల గురించి మాట్లాడుకుంటూ ఉండగా, వెనుక నుంచి ఎవరో పాత మిత్రుడు “ఒరే సీజే” అని కేక వేశాడు. పిల్లవాడు తలెత్తి, “సీజే అంటే ఎవరు నాన్నా?” అని అడిగాడు. అతను వినపడనట్టు ఊరుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని వరుసలో ఒక అడుగు ముందుకు జరిగాడు. ఆ పేరు పెట్టిన వాళ్ళలో నేనూ ఒకడిని కనుక, పిల్లవాడి వైపు చూడలేకపోయాను.