పిడుదు కరిస్తే జీవితాంతం మంచమేనా?

వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది: ‘పిడుదు కరిస్తే గంటలోనే వైరస్ నరాలకెక్కి పక్షవాతం వస్తుంది. వెంటనే అగ్గిపుల్లతో కాల్చండి, యాంటీబయాటిక్ వేయండి. పడిపోయిన కాళ్లు మళ్లీ లేవవు.’ పిడుదు (కొందరు గోమారి అంటారు) వల్ల పక్షవాతం రావడం నిజమే. మిగతాదంతా తప్పు.

గంటలో రాదు. పిడుదు చర్మాన్ని పట్టుకుని వేలాడిన నాలుగు నుంచి ఏడు రోజులకు మొదలవుతుంది. అదీ అన్ని పిడుదులతో కాదు. ఉత్తర అమెరికాలో డెర్మసెంటర్ రకాలు, ఆస్ట్రేలియా తూర్పు తీరంలో ఇక్సోడిస్ హోలోసైక్లస్ ఇందుకు పేరుపడ్డవి.

వైరస్ కానే కాదు. రక్తం తాగి ఉబ్బే ఆడ పిడుదు లాలాజలంలోని విషం, నరం నుంచి కండరానికి అందాల్సిన సంకేతాన్ని అడ్డుకుంటుంది. కాబట్టి ఈ పక్షవాతానికి యాంటీబయాటిక్ పనిచేయదు. పిడుదులు మోసుకొచ్చే లైమ్ వ్యాధి బ్యాక్టీరియా వల్ల వస్తుంది, దానికి యాంటీబయాటిక్సే మందు. మెసేజ్ రాసినవాళ్లు రెండింటినీ కలిపేసినట్టున్నారు.

కాల్చొద్దు, వాజలిన్ పూయొద్దు. బెదిరిన పిడుదు ఇంకా లాలాజలం వదలొచ్చు, మన చర్మమూ కాలుతుంది. సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి తల దగ్గర పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగాలి. పొట్ట నొక్కకూడదు. ఆస్ట్రేలియాలో మాత్రం అలర్జీ భయంతో, ముందు గడ్డకట్టించే ఈథర్ స్ప్రేతో ఉన్నచోటే చంపమంటారు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఆ చివరి మాట. కాళ్లు తిరిగొస్తాయి! ఉత్తర అమెరికా రకాలైతే, పిడుదును తీసేసిన ఒక రోజులోనే చాలామంది తేరుకోవడం మొదలుపెడతారు. ఆస్ట్రేలియా రకంతో, తీశాక కూడా ఒకటి రెండు రోజులు బలహీనత పెరగొచ్చు, అందుకే ఆసుపత్రిలో కనిపెట్టుకుని ఉంచుతారు. తీయకుండా వదిలేస్తే నీరసం కాళ్ల నుంచి చేతులకు, ఆపైన ఊపిరి తీసే కండరాలకు పాకుతుంది. ప్రాణాలు పోయేది అప్పుడే. గిలన్ బరే సిండ్రోమ్ (మన రోగనిరోధక వ్యవస్థే నరాలను దెబ్బతీసే జబ్బు) కూడా ఇలాగే కాళ్లతో మొదలవుతుంది కాబట్టి, జుట్టులో దాగిన పిడుదు కంటపడకపోతే డాక్టర్లు కూడా పొరబడిన సందర్భాలున్నాయి.

పిడుదులుండే చోట తిరిగిన పిల్ల, నిన్నటిదాకా పరుగెత్తి, జ్వరం లేకుండానే పొద్దున్న తూలుతుంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. వెళ్తూనే తల వెతకండి. పొడవు జుట్టున్న ఆడపిల్లల్లోనే ఇది ఎక్కువ. పాయలు పాయలుగా విడదీసి, చెవుల వెనక, మెడ మీద, చంకల్లో, గజ్జల్లో వేళ్లతో తడమండి. ఉబ్బిన పిడుదు వేలికి పులిపిరిలా మెత్తగా తగులుతుంది. ఒకటి దొరికిందని ఆపకండి, రెండోది కూడా ఉండొచ్చు.