పూర్ణమ్మకు చప్పట్లు

ఉగాది వేదిక మీద గురజాడ ‘పూర్ణమ్మ’ పాటకు నృత్యం ఉందంటే నేను ముందు వరుసలో కూర్చుంటాను. విజయనగరం ఆడపడుచును, ఆ మాత్రం హక్కు ఉందనుకుంటాను. చివర్లో పిల్ల చేతులు కలువలవుతాయి, అడుగులు హంస నడకలవుతాయి, దీపాలు ఆరిపోతాయి. హాలంతా చప్పట్లు. కొంతకాలంగా ఆ చప్పట్లు నాకు మింగుడు పడటం లేదు.

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ఊరు వెళ్ళినప్పుడు మా మేనత్త ముక్కు మీద కళ్ళజోడుతో టాల్‌స్టాయ్ నవల ‘అన్నా కరేనినా’ మళ్ళీ చదువుతోంది. పెళ్ళి కలిసిరాని కథానాయికలంటే లోకం అన్నాను, ఫ్లొబేర్ నవల ‘మదాం బొవారీ’లోని ఎమ్మాను జంటగా చెబుతుంది. ఒకతె రైలు కింద పడింది, ఒకతె పాషాణం మింగింది, ఇద్దరూ గడప దాటినవాళ్ళే. “వాళ్ళ మధ్య మన గురజాడ పూర్ణమ్మను కూర్చోబెట్టి చూడవే” అంది అత్త.

చూస్తే లెక్క మారిపోయింది. అన్నా భర్త కరేనిన్ ఆమె కన్నా ఇరవై ఏళ్ళు పెద్ద. ఆ సంబంధం కుదిర్చింది ఆమె దగ్గరి బంధువే, ఓ డబ్బున్న పెద్దావిడ. (అత్తో పిన్నో తెలియదు. మా అత్త మాత్రం పిన్నే అని తేల్చేసింది.) ఇక ఎమ్మా మెడకు చివరికి బిగిసింది ప్రియుల మోసం ఒక్కటే కాదు, బట్టల వర్తకుడికి రాసిచ్చిన నోట్లు కూడా. పూజారి ఇంట పుట్టిన పూర్ణమ్మను కన్నవాళ్ళు కాసులకు లోబడి ముసలివాడికి కట్టబెట్టారు; ఆమె చెరువుకు వెళ్ళి తిరిగి రాలేదు. గడప దాటడం మాట అటుంచి, ఆమెకు తప్పు చేసే వయసే రానివ్వలేదు.

అయితే నా పేచీ వాళ్ళ చావులను రాసిన తీరుతో. ఫ్లొబేర్ కనికరించడు. ఎమ్మా శవానికి అలంకారం చేస్తూ తల ఎత్తితే నోట్లోంచి నల్లటి ద్రవం కారుతుంది. అన్నా ప్రాణం పోవడాన్ని టాల్‌స్టాయ్ కొవ్వొత్తి ఆరిపోయిందని అందంగానే చెప్పాడు గానీ, తర్వాత స్టేషన్ షెడ్డులో బల్ల మీద, పరాయివాళ్ళ మధ్య పడి ఉన్న అన్నా దేహాన్ని ఆమె ప్రియుడు వ్రాన్‌స్కీ జ్ఞాపకంలో చూపించాడు. గురజాడ చూపించలేదు. కంటి కాంతి కలువలను చేరింది, నడక హంసలను చేరింది, పూర్ణమ్మ దుర్గను చేరింది. అంతే. పైడితల్లి పెద్ద చెరువులోంచి వెలిసిందని నమ్మే ఊరు మాది. చెరువుకు వెళ్ళిన పిల్ల అమ్మవారిలో కలిసిందంటే చేతులు జోడిస్తాం. శవాన్ని ఎవరు తీశారని అడగం.

“పిల్లలు పాడుకునే పాటలో శవాన్ని పెట్టమంటావా?” అని అత్త కసిరింది. నిజమే. పైగా ఆ పాటలోనే, నలుగురూ కూర్చుని నవ్వే వేళ ఒకసారి తన పేరు తలచుకోమని పూర్ణమ్మ అన్నదమ్ములను వేడుకునే చోట నాకు ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది. అన్నాకు, ఎమ్మాకు అలా చెప్పుకోవడానికి పుట్టింటి మనిషి ఒక్కరూ దగ్గర లేరు.

పాటలో కనిపించని దేహం మరో చోట ఉంది. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ నాటకానికి గురజాడ ఇంగ్లీషులో ముందుమాట రాశాడు. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన శుల్క వివాహాలకు, అంటే డబ్బు పుచ్చుకుని పిల్లనిచ్చిన పెళ్ళిళ్ళకు, జాబితాలు తయారు చేయించారట. నమోదైనవి 1034. అయిదేళ్ళకే పెళ్ళయినవాళ్ళు 99 మంది, నాలుగేళ్ళకు 44, మూడేళ్ళకు 36, రెండేళ్ళకు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు, వాళ్ళ ధర 350 నుంచి 400 రూపాయలు. ఇందులో కలువలూ లేవు, హంసలూ లేవు.

ఈసారి మన వేదిక మీద నృత్యానికి ముందు ఎవరైనా ఆ అంకెలు చదివితే బాగుంటుందని అత్తతో అన్నాను.

“చదవండి. తర్వాత చప్పట్లు ఎవరు కొడతారో చూడు” అని పుస్తకంలో తల దూర్చింది.