మీలాంటివాళ్లు వెళ్లిపోతే కాలేజీ ఏమైపోవాలి?

ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్‌కు తన విలువ తెలిసేది రెండే రోజులు. ఒకటి యూనివర్సిటీ ఇన్‌స్పెక్షన్ రోజు. ఆ రోజు టై కట్టుకుని రమ్మంటారు, మధ్యాహ్నం భోజనంలో స్వీటు కూడా వేస్తారు. రెండోది రాజీనామా ఇచ్చిన రోజు. ఆ రోజు ప్రిన్సిపాల్ గారు ఎదురుగా ఉన్న కుర్చీ చూపించి కూర్చోమంటారు. ఎనిమిదేళ్లలో నేను ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. చాలా మెత్తగా ఉంది.

"మీలాంటివాళ్లు వెళ్లిపోతే కాలేజీ ఏమైపోవాలి సార్?" అన్నారాయన. నాకు కళ్లు చెమర్చాయి. వేసవిలో పది అడ్మిషన్ల టార్గెట్ ఇస్తే ఊళ్లన్నీ తిరిగి ముగ్గురు పిల్లల్నే పట్టుకొచ్చానని ఇదే గదిలో నిలబెట్టి, "మీలాంటివాళ్ల వల్లే కాలేజీ ఇలా అయిపోయింది" అన్నది కూడా ఆయనే. రెంటిలో కొత్త మాటనే నమ్మాను. మనిషన్నాక మారతాడు కదా.

నేనడిగింది పెద్ద కోరికేం కాదు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఇక్కడ పాఠాలు చెప్పాడు, రిలీవ్ చేశాం అని లెటర్‌హెడ్ మీద రెండు వాక్యాలు, కింద ఒక రబ్బరు స్టాంపు. కొత్త కాలేజీవాళ్లు అది లేనిదే చేర్చుకోమన్నారు. పైగా "మీ ప్రిన్సిపాల్ గారితో ఫోన్లో ఒక మాట మాట్లాడతాం" అన్నారు. అంటే రెండో పెళ్లికి మొదటి మామగారి దగ్గర్నుంచి మంచివాడని సర్టిఫికెట్ తెమ్మన్నట్టు. ఆయనిస్తాడా? ఇస్తే వీళ్లు నమ్ముతారా?

మా యాజమాన్యానికి నా మీద ఇంత ప్రేమ ఎందుకో కొంచెం వివరించాలి. సాంకేతిక విద్యాసంస్థల మీద అజమాయిషీ చేసే ఏఐసీటీఈ లెక్క ప్రకారం ఇరవైమంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలి. నేను వెళ్లిపోతే ఇరవైమంది అనాథలైపోతారు, అదీ సరిగ్గా ఇన్‌స్పెక్షన్ ముందు. నాది మెకానికల్. ఆ బ్రాంచిలో చేరేవాళ్లు తగ్గిపోయారు కాబట్టి రెండేళ్లుగా కంప్యూటర్స్ వాళ్లకు పైథాన్ చెబుతున్నాను. ముందురోజు రాత్రి నేను నేర్చుకున్నది మర్నాడు వాళ్లు నేర్చుకుంటారు. ఫైళ్లలో మాత్రం నేను అసోసియేట్ ప్రొఫెసర్ని. అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనమే 57,700 అని ఏఐసీటీఈ రాసిపెట్టింది. ఆ అంకెను నేను చూసింది కూడా ఆ ఫైళ్లలోనే. అంత పెద్ద మనిషిని ఏ కాలేజీ మాత్రం వదులుకుంటుంది?

అందుకే చేరినరోజే ఒరిజినల్స్ తీసుకుని జాగ్రత్తచేశారు. పదో తరగతి మెమో నుంచి ఎంటెక్ పట్టా దాకా ఒక గోధుమరంగు కవర్లో పెట్టి, ఆఫీసులో వెంకటేశ్వరస్వామి పటం కింద ఉన్న బీరువాలో తాళం వేశారు. మా ఇంట్లో ఉంటే చెదలు పట్టేవేమో. 2018లో యూజీసీ విద్యార్థుల ఒరిజినల్స్ కాలేజీలు ఉంచుకోకూడదంది కదా సార్ అంటే, "అది పిల్లలకండీ, మీరు పెద్దవాళ్లు" అన్నారు. నాకు సమాధానం తోచలేదు. స్టాఫ్‌రూమ్‌లో ఓ కుర్రాడు ఆవేశపడి దీన్ని వెట్టిచాకిరీతో పోల్చాడు. తప్పు. వెట్టిచాకిరీని 1976లోనే చట్టం చేసి రద్దు చేశారు. పైగా వెట్టివాడి దగ్గర తీసి దాచడానికి ఎంటెక్ పట్టా ఎక్కడిది?

ఇక డబ్బు సంగతి. విద్యాసంవత్సరం మధ్యలో మానేస్తే మూడు నెలల జీతం కట్టాలని చేరినరోజు సంతకం పెట్టించుకున్నారు. ఒప్పుకున్నాను. కాలేజీ నాకు నాలుగు నెలల జీతం బాకీ. దాన్నీ వాళ్లు ఒప్పుకున్నారు, ప్రభుత్వం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదు మరి. నాలుగులోంచి మూడు తీసేసి ఒక నెలది ఇప్పించండి అన్నాను. ఇంజనీరింగ్ చదివినవాణ్ని, ఆమాత్రం తీసివేత వచ్చు. అకౌంటెంట్ కళ్లజోడు తీసి నన్ను జాలిగా చూశాడు. "దానికీ దీనికీ సంబంధం లేదు సార్. అది మేం ఇవ్వాల్సింది. ఇది మీరు కట్టాల్సింది." ఇంతకన్నా స్పష్టంగా ఎవరూ చెప్పలేరు. మా పిల్లలకు నేనింత బాగా ఒక్క పాఠమైనా చెప్పి ఉంటే బాగుండేది.

తర్వాత నో డ్యూస్ ఫారం. లైబ్రరీ, ల్యాబులు, హాస్టల్, బస్సు... మొత్తం పదకొండు సంతకాలు. ఆటలు చూసుకునే పీడీ సార్ 2019 స్టాఫ్ మ్యాచ్‌లో నేను తీసుకున్న క్రికెట్ బ్యాట్ ఏదన్నారు. ఆ మ్యాచ్‌లో నాకు బ్యాటింగే రాలేదని ప్రాణం పోయేలా వాదించాను. చివరికి బ్యాట్ కొనిచ్చి సంతకం పెట్టించుకున్నాను. ఈలోపు కొత్త కాలేజీవాళ్లు ఫోన్ మీద ఫోన్, ఎప్పుడు చేరతారని. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నాకు మాత్రం బీపీ.

అన్నట్టు, మా దగ్గరే ఇంకో డిపార్ట్‌మెంటులో ఒకాయన రాజీనామా చేస్తే పది నిమిషాల్లో లెటర్ చేతికిచ్చారు. రెండు వాక్యాలు కూడా కాదు, నిండా ఒక పేజీ! అంకితభావం, క్రమశిక్షణ, పరిశోధన మీద తపన, అన్నీ ఉన్నాయందులో. ఆయన క్లాసుకు వెళ్లేవాడు కాదు, ఎవరైనా అడిగితే కొట్లాటకు వచ్చేవాడు. ఆయన గేటు దాటేదాకా ఉండి, ప్రిన్సిపాల్ గారు స్వయంగా చేయి ఊపారు. పేజీ నిండా పొగిడారంటే ఆ మనిషితో ఎంత విసిగిపోయారో కొలుచుకోవచ్చని నాకు అప్పుడు అర్థమైంది. ఆ లెక్కన నన్ను నాలుగు నెలలు తిప్పారంటే నా అంత మంచివాడు ఆ జిల్లాలో లేడు.

సోమవారం ఇన్‌స్పెక్షన్ అయింది. టై కట్టుకున్నాను, స్వీటు తిన్నాను, అసోసియేట్ ప్రొఫెసర్ని అని కమిటీకి చెప్పుకున్నాను. మంగళవారం పొద్దున్నే అటెండర్ వచ్చి పిలిచాడు. ప్రిన్సిపాల్ గారు తలెత్తలేదు. ఈసారి కుర్చీ కూడా చూపించలేదు. నాలుగు నెలల జీతం అందినట్టు, అందులోంచి మూడు నెలలది కట్టినట్టు వోచర్ల మీద సంతకాలు పెట్టాను. మిగిలిన నెలది రీయింబర్స్‌మెంట్ రాగానే ఇస్తామన్నారు. లెటర్‌లో నా హోదా మళ్లీ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి దిగింది. చేరిన తేదీ జరిగి, నా సర్వీసులో ఆరు నెలలు తగ్గింది. "ప్రవర్తన సంతృప్తికరం" అన్న మాట మాత్రం అక్షరం తప్పు లేకుండా ఉంది. గోధుమరంగు కవరు విప్పితే కలరా ఉండల వాసన. పదో తరగతి మెమో అంచులు పసుపు పచ్చగా మారాయి.

కొత్త కాలేజీ ప్రిన్సిపాల్ గారు ఆ లెటర్ చదివి, "ఇది ఇవ్వడానికి వాళ్లకు ఎన్నాళ్లు పట్టింది?" అని అడిగారు.

"నాలుగు నెలలండీ."

"అయితే బాగా చెబుతారన్నమాట" అని నవ్వి, అపాయింట్‌మెంట్ ఆర్డర్ మీద సంతకం పెట్టారు. తర్వాత కుర్చీ వెనక్కి తిప్పి బీరువా తలుపు తీశారు.

"ఒరిజినల్స్ తెచ్చారా?"