ఒక జింక తోలుకు ఒక డాలరు? ‘బక్’ కథలో ఏది నిజం, ఏది కాదు

“బక్ అంటే మగ జింక. పాతకాలపు అమెరికాలో ఒక జింక తోలుకు సరిగ్గా ఒక డాలరు ఇచ్చేవారు, అందుకే డాలరును బక్ అంటారు. బకెట్, బకిల్, బక్‌వీట్ కూడా జింక నుంచే వచ్చాయి. ‘పాస్ ద బక్’ (బాధ్యతను ఇంకొకరి మీదికి నెట్టడం) అన్న మాట జింక కొమ్ము పిడి వేసిన కత్తి నుంచి వస్తే, ‘ద బక్ స్టాప్స్ హియర్’ (బాధ్యత ఇక నాదే) అన్నది అమెరికా ప్రెసిడెంట్ ట్రూమన్ పుట్టించాడు.” ఏళ్లుగా ఫార్వర్డ్ అవుతున్న కథ ఇది. పిల్లలకు పాఠంలా చెప్పేవాళ్లూ ఉన్నారు. ఇందులో కొంత నిజం ఉంది. ఆ కొంతను చూపించి మిగతాదంతా చెలామణి చేయడమే నాకు బాధ కలిగిస్తోంది.

బక్ అంటే మగ జింక. అదొక్కటే కాదు. పాత ఇంగ్లీషులో ‘బుక్’ అంటే మగ జింక, ‘బుక్కా’ అంటే మేకపోతు. కాలం గడిచేకొద్దీ రెండూ ఒకే మాటలో కలిసిపోయాయి. మగ కుందేలు, మగ ఎలుక, మగ కంగారూ కూడా బక్కే. ఇంగ్లండ్‌లో ఎర్రజింకల్లో మగదాన్ని మాత్రం బక్ అనరు, స్టాగ్ అంటారు. ఇక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింక సంగతి చూడండి. ఇంగ్లీషులో దాని పేరు బ్లాక్‌బక్. మనం జింక అని పిలుస్తాం గానీ, శాస్త్రం ప్రకారం అది ఆవు, మేకల కుటుంబానిది. రోళ్లపాడు గడ్డి మైదానంలో మందను గమనిస్తే తెలుస్తుంది: ఆడవి లేత గోధుమరంగు, ఎదిగిన మగది నలుపు, దాని కొమ్ములు మెలికలు తిరిగి ఉంటాయి. దుప్పి కొమ్ములు రాలి మళ్లీ మొలుస్తాయి, వీటివి రాలవు.

ఒక తోలు, ఒక డాలరు. అసలు గొడవంతా ఇక్కడే. తోళ్లతో లెక్కలు కట్టిన మాట నిజమే. 1748లో, అప్పటికి బ్రిటిష్ వలసగా ఉన్న పెన్సిల్వేనియా తరఫున రాయబారిగా కాన్రాడ్ వైజర్ ఒహాయో నది ఒడ్డున ఉన్న లాగ్స్‌టౌన్‌కు వెళ్లాడు. ఒక పీపా విస్కీ మీ ఊళ్లో 5 బక్కులకే అమ్ముతారని అక్కడి మూలవాసులకు మాటిచ్చినట్టు తన డైరీలో రాసుకున్నాడు. అక్కడ బక్ అంటే తోలే, డాలరు కాదు. అమెరికా సొంత డాలరుకు చట్టం వచ్చింది 1792లో. పైగా తోలు వెల దాని బరువును బట్టి, పదును పెట్టారా లేదా అన్నదాన్ని బట్టి మారేది. అలాంటిది ఎల్లకాలం ఒక డాలరే ఎలా పలుకుతుంది?

డాలరు అన్న అర్థంలో ‘బక్’కు నిఘంటుకారులకు దొరికిన తొలి అచ్చు ఆధారం 1856 నాటిది. అది తోళ్ల వ్యాపారం సాగిన ఒహాయోలో కాదు, ఎక్కడో కాలిఫోర్నియాలో, ఒకడికి 20 బక్కుల జరిమానా పడిందన్న పత్రికా వార్తలో. వైజర్ డైరీకీ ఆ వార్తకూ నడుమ 108 ఏళ్లు. తోలు నుంచే డాలరుకు ఆ పేరు వచ్చి ఉండొచ్చు, అది తీసిపారేయాల్సిన ఊహ కాదు. కానీ ఊహను ఊహ అనే చెప్పాలి.

బకెట్, బకిల్, బక్‌వీట్. వీటికి జింకతో ఏ సంబంధమూ లేదు. బకెట్ ఆంగ్లో-నార్మన్ ఫ్రెంచి నుంచి వచ్చింది. బకిల్ మూలం లాటిన్‌లో చెంప అనే మాట, శిరస్త్రాణానికి చెంప దగ్గర ఉండే పట్టీ నుంచి అది పుట్టింది. బక్‌వీట్ ఒక తిండిగింజ. అందులోని ‘బక్’ అంటే బీచ్ అనే చెట్టు, బక్‌వీట్ గింజలు ఆ చెట్టు కాయల్లా మూడు పలకలుగా ఉంటాయి.

పాస్ ద బక్, ట్రూమన్. పేకాటలో పంచే వంతు ఎవరిదో తెలిసేలా వాళ్ల ఎదుట పెట్టే గుర్తును బక్ అనేవారు. అది కొమ్ము పిడి కత్తి అన్నది బాగా ప్రచారంలో ఉన్న వివరణ, అంతే. ‘ద బక్ స్టాప్స్ హియర్’ అని రాసి ఉన్న, ట్రూమన్ బల్ల మీది ఫలకం వాల్‌నట్ చెక్క మీద బిగించిన, రంగులద్దిన గాజు పలక. ఓక్లహోమాలోని ఎల్ రీనో జైల్లో తయారై 1945 అక్టోబరులో ఆయనకు చేరింది. అలాంటి ఫలకాన్ని అక్కడ చూసిన స్నేహితుడొకరు ఆయన కోసం ఇంకొకటి చేయించాడు. అంటే ఆ వాక్యం ట్రూమన్ చేతికి రాకముందే ఒకచోట రాసి ఉంది. పేకాటగాళ్ల ‘పాస్ ద బక్’ అయితే ఆయన పుట్టిన 1884 కంటే పాతది.