‘మా ఊరు’ అంటే ఏ ఊరు?

మొన్న మా శనివారం తెలుగు బడిలో పిల్లలకు ‘మా ఊరు’ అని వ్యాసం ఇచ్చాను. పదకొండేళ్ల పాప గుండ్రటి అక్షరాలతో పేజీన్నర రాసింది. చెరువు, గట్టు మీద రావిచెట్టు, రామాలయం, సంక్రాంతికి గొబ్బెమ్మలు. తెనాలి దగ్గర వాళ్ల తాతయ్యగారి ఊరు అది. పాప అక్కడికి వెళ్లింది రెండుసార్లు. పుట్టడం, నడక నేర్వడం, సైకిల్ మీంచి పడి మోకాలు చెక్కుకుపోవడం అన్నీ ఇక్కడే, లండన్ పడమటి శివారు హౌన్‌స్లోలో. ఆ పేరు మాత్రం వ్యాసంలో ఒక్కచోట కూడా లేదు. తప్పు పాపది కాదు. ‘మా ఊరు’ అంటే చెరువూ రావిచెట్టూ అని నేర్పింది మనమే.

మనకు హౌన్‌స్లో అంటే ఎయిర్‌పోర్టుకు దగ్గర, మెట్రో రైలు పికడిల్లీ లైను ఉంది, ఇండియన్ సరుకులు దొరుకుతాయి. అంతే. అమ్మానాన్నలు దిగితే తెచ్చుకోవడానికి వీలైన చోటు. ఏళ్ల తరబడి నేనూ అలాగే చూశాను. ఇప్పుడు మాత్రం మన సంఘాన్ని ఒకటి అడుగుతున్నాను: ఈ ఊరి కథను మన బడిలో, తెలుగులో చెబుదాం.

చెప్పడానికేముంది అంటారా? హౌన్‌స్లో హీత్‌తో మొదలుపెడదాం. ఒకప్పుడు ఎన్నో గ్రామాల మధ్య పరుచుకున్న బీడు అది. లండన్ నుంచి పడమటికి పోయే గుర్రపు బండ్లను అక్కడే దొంగలు ఆపేవారు. ఇవాళ మిగిలింది సుమారు 200 ఎకరాలు. 1784 వేసవిలో విలియం రాయ్ అనే సైనిక అధికారి ఆ నేల మీద గీత గీసినంత సూటిగా ఒక దూరాన్ని కొలిచాడు. గ్రీనిచ్, పారిస్ వేధశాలలు ఒకదానికొకటి ఎంత దూరంలో, ఏ దిక్కున ఉన్నాయో తేల్చడానికి ఆ కొలత కావలసివచ్చింది. నేల చదునుగా ఉంది కనుక ఈ చోటు ఎంచుకున్నారు. హ్యాంప్టన్ నుంచి ఇప్పటి హీత్రో ఎయిర్‌పోర్టు దాకా, ఐదు మైళ్ల పైచిలుకు.

ముందు ఇరవై అడుగుల చెక్క కడ్డీలతో కొలిచారు. తడి గాలికి చెక్క ఉబ్బి కడ్డీ పొడవు మారిపోతోంది. వానాకాలం మన ఇంటి తలుపులు బిగుసుకుపోయి భుజంతో తోయాల్సి వస్తుందే, సరిగ్గా అదే. రాయ్ ఆ కడ్డీలు పక్కన పెట్టి, గాజు గొట్టాలు చేయించి మొత్తం మళ్లీ కొలిచాడు. ఆ పని చూడడానికి మూడో జార్జి రాజే వచ్చాడు. తేలిన లెక్క 27,404 అడుగులు. తర్వాత 1791లో రెండు కొసలా రెండు ఫిరంగులను నిలువుగా పాతారు. ఒకటి హ్యాంప్టన్‌లో రాయ్ గ్రోవ్ అనే చిన్న వీధిలో ఇళ్ల మధ్య ఉంది. రెండోది హీత్రో ఉత్తరం వైపు రోడ్డు పక్కన. మనం ఎన్నిసార్లు దాని ముందునుంచి సూట్‌కేసులతో పోయామో.

ఇదే పద్ధతి మన దేశానికీ వచ్చింది. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఇలాగే ఒక గీత కొలిచి, దాని మీద త్రిభుజాలు కట్టుకుంటూ (ఒక భుజం, కోణాలు తెలిస్తే మిగతా దూరాలు లెక్కకు వస్తాయి) ముందుకు నడిచాడు. ఎవరెస్ట్ శిఖరానికి ఎవరి పేరు పెట్టారో ఆ జార్జి ఎవరెస్ట్ ఆయనకు సహాయకుడిగా చేరింది హైదరాబాదులో. కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో సర్వే చేస్తూ మలేరియాతో మంచం పట్టాడు. తెనాలి తాతయ్యకూ హౌన్‌స్లో మనవరాలికీ మధ్య ఇంత దారి ఉండగా మనం చెప్పకపోతే ఎలా?

అన్నీ గొప్ప కథలే కావు. 1846లో ఇక్కడి సైనిక స్థావరంలో ఫ్రెడరిక్ జాన్ వైట్ అనే సిపాయికి 150 కొరడా దెబ్బలు కొట్టారు. నెల తిరగకుండా చనిపోయాడు. థామస్ వాక్లీ అనే కరోనర్ (అనుమానాస్పద మరణాలను విచారించే అధికారి) పట్టుబట్టి విచారణ జరిపించాడు. దేశమంతా గగ్గోలెత్తింది, దెబ్బలను యాభైకి కుదించారు. 1881లో సైన్యంలో కొరడా శిక్షే పోయింది. అతన్ని పూడ్చింది హెస్టన్ చర్చి ఆవరణలో. పిల్లలను అక్కడికి తీసుకెళ్లాలని నాకు గట్టిగా ఉంది.

1919 ఆగస్టు 25న ఈ హీత్ మీంచే పారిస్‌కు రోజువారీ విమానాలు మొదలయ్యాయి. మొదటి రోజు ఒకే ఒక్క ప్రయాణికుడు, కొంత సరుకు, అందులో డెవన్‌షైర్ మీగడ కూడా. ఇప్పుడు మన నెత్తిన నిమిషం, రెండు నిమిషాలకో విమానం. ఆ మోతకు పిల్లలు పంతులమ్మ మాట వినలేక, హీత్ పక్కనున్న చిన్నపిల్లల బడిలో మట్టి గుమ్మటాలు కట్టారు. వాటిలో కూర్చుంటే మాట వినిపిస్తుంది.

“మాస్టారూ, తెలుగు రావడమే గగనం, మళ్లీ ఈ చరిత్ర ఎందుకండీ?” అని ఒక తండ్రి అడిగారు. నా జవాబు ఇది. గొబ్బెమ్మ అనే మాట తెలిసిన పాపకు, బస్టాపు పక్క గోడ మీద పాకే నత్తను తెలుగులో ఏమంటారో తెలియదు. రోజూ కళ్లెదుట కనిపించేది చెప్పలేని భాష పండగ బట్టల్లా పెట్టెలోనే ఉండిపోతుంది. తాతయ్య ఊరిని మరిపించమని నేననడం లేదు. ఈ ఊరిని కూడా పిల్లల నోట తెలుగులో పలికిద్దామంటున్నాను.

వచ్చే నెల మొదటి శనివారం బడిని స్టెయిన్స్ రోడ్డు వైపు హీత్ గేటు దగ్గర పెడదామని కమిటీని కోరుతున్నాను. ఇరవై అడుగుల నూలు తాడు నేను తెస్తాను. రాయ్ గీతకు అలాంటివి ఎన్ని కావాలో పిల్లలే లెక్క కడతారు, పదమూడు వందల డెబ్బై చిల్లర. బురద బూట్లు వేసి పంపండి. వాన పడితే మానుకోవద్దు. తాడు తడిసి ఎంత కురచ అవుతుందో వాళ్లే కొలిచి చూస్తారు.